ఉడికిన గుడ్డు మళ్ళీ పలచబడదేం? – మనవలకు ఉత్తరం

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో చిన్నది ఒక ప్రశ్న అడిగింది. "నెయ్యి వేడిచేస్తే కరుగుతుంది, చల్లారితే పేరుకుంటుంది. గుడ్డు మాత్రం ఒకసారి ఉడికాక ఎంత చల్లార్చినా మళ్ళీ పలచబడదేం?" అని. ఫోన్లో చెప్పి ఊరుకునే సంగతి కాదమ్మా ఇది, అందుకే కూర్చుని రాస్తున్నాను. అన్నయ్య చదివి చెల్లికి వినిపించాలి. అర్థం కానిచోట ఆగి మళ్ళీ చదవాలి సుమా.

గుడ్డు తెల్లసొనలో నీళ్ళు తీసేస్తే మిగిలేది దాదాపు అంతా ప్రొటీనే. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన పొడవాటి గొలుసు. ఆ గొలుసు అలా వేలాడుతూ ఉండదు. వంగాల్సిన చోట వంగి, తనలో తాను మడతపడి, ఒక కచ్చితమైన ఆకారానికి వస్తుంది. ఆ ఆకారం వస్తేనే అది పనిచేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ అయినా, తిన్న అన్నం అరిగించే ఎంజైమ్ అయినా అంతే. అమైనో ఆమ్లాల్లో కొన్నింటికి నీళ్ళంటే గిట్టదు. మడతపడేటప్పుడు అవి లోపలికి దూరి దాక్కుంటాయి. గుడ్డును ఉడికిస్తే మడతలు విడిపోయి అవన్నీ బయటపడతాయి. చుట్టూ నీళ్ళు, పక్కన అలాంటివే ఇంకో గొలుసు. ఇక ఒకదాన్నొకటి పట్టుకుని అతుక్కుపోతాయి. మనం తినే ఆ తెల్లటి గట్టి ముద్ద అదే. చల్లార్చినంత మాత్రాన ఆ చిక్కు వీడదు.

ఇక్కడే నన్ను ఎప్పటినుంచో పట్టుకున్న ప్రశ్న ఒకటుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ క్షణక్షణం కొత్త ప్రొటీన్లు తయారవుతుంటాయి. కణంలో ప్రొటీన్లను తయారుచేసే రైబోజోమ్ నుంచి అప్పుడే బయటికొచ్చే గొలుసు ఇంకా మడతపడలేదు కదా. నీళ్ళంటే గిట్టని భాగాలు బయటే ఉంటాయి కదా. మరి మన కణాలన్నీ ఉడికిన గుడ్డులా ఎందుకు గట్టిపడిపోవడం లేదు?

ముందు, గొలుసు తనంతట తాను మడతపడగలదా అన్నది చూద్దాం. అమెరికాలో క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ అనే శాస్త్రవేత్త ఆవు క్లోమంలో దొరికే రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ను తీసుకున్నారు. 124 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అది. యూరియా, ఇంకో రసాయనం కలిపి దాని మడతలన్నీ విప్పేశారు. పని ఆగిపోయింది. తర్వాత ఆ రసాయనాలు తీసేస్తే, ఎవరి సాయమూ లేకుండా అది మళ్ళీ పాత ఆకారానికి వచ్చి పని మొదలుపెట్టింది. దానిలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎనిమిది. అవి రెండేసి చొప్పున 105 రకాలుగా జతకట్టవచ్చు. సరైన తీరు ఒక్కటే, అది ఆ ఒక్కదానికే చేరింది! అంటే తన ఆకారం ఏమిటో ఆ గొలుసు వరసలోనే రాసి ఉందన్నమాట. దీనికి 1972లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇంత అందమైన ప్రయోగం నాకు తెలిసి చాలా తక్కువ.

కానీ అది గాజు గొట్టంలో, పలచటి ద్రావణంలో జరిగింది. కణం లోపల పుష్కరాల రేవులా ఉంటుంది, కాలు పెట్టే చోటుండదు. బాక్టీరియా కణంలో పెద్ద పెద్ద అణువులే లీటరుకు 300 గ్రాముల పైన ఉంటాయి. ఆ కిక్కిరిసిన చోట సగం మడతపడ్డ గొలుసు పక్కవాటికి అతుక్కోకుండా ఉండాలంటే తోడు కావాలి. అలా తోడుండే ప్రొటీన్లనే షాపెరోన్లు అంటారు. వేడి పెరిగి మడతలు వీడే ప్రమాదం వస్తే కణాలు వీటిని ఇంకా ఎక్కువగా తయారుచేసుకుంటాయి.

వీటిలో నాకు చాలా ఇష్టమైనది గ్రోఈఎల్. మన పేగుల్లో ఉండే ఈ. కోలై బాక్టీరియాలో ఉంటుంది. ఏడు ముక్కలతో ఒక వలయం, అలాంటి వలయాలు రెండు వెనకా వెనకా ఆనుకుని ఉంటాయి. నడుమ ఖాళీ. సుమారు 70 వేల గ్రోఈఎల్‌లను పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటర్ అవుతుంది. దాని మూతి దగ్గర లోపలి గోడకీ నీళ్ళంటే గిట్టదు. అందుకని దారితప్పిన గొలుసు వచ్చి అక్కడ అంటుకుంటుంది. వెంటనే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు వచ్చి చేరుతుంది, గ్రోఈఎస్ అనే మూత వచ్చి పడుతుంది. అప్పుడు గోడలు మెలితిరిగి, లోపలి చోటు రెట్టింపు అవుతుంది. నీళ్ళంటే గిట్టని గోడ కాస్తా నీళ్ళను ఇష్టపడే గోడగా మారిపోతుంది. గొలుసు పట్టు వదిలి లోపల ఒంటరిగా మిగులుతుంది. సుమారు పది సెకన్లు దానికి ఏకాంతం. తర్వాత మూత లేస్తుంది. గొలుసు మడతపడితే వెళ్ళిపోతుంది, లేకపోతే మళ్ళీ వచ్చి అంటుకుంటుంది. గ్రోఈఎల్ ఏ గొలుసుకూ "నువ్విలా ఉండాలి" అని చెప్పదు. వేరే వాటికి అతుక్కోకుండా చూస్తుంది, అంతే. ఆకారం గొలుసు తానే తెచ్చుకుంటుంది.

కణంలో మడతపడడానికి ఇలా తోడు కావాలన్న సంగతి బయటపడింది ఒక పిల్లల డాక్టరు వల్ల. యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ హార్విచ్, ఒంట్లో అమ్మోనియాను వదిలించే ఒక కాలేయ ఎంజైమ్ మీద పనిచేసేవారు. కొందరు పసివాళ్ళు ఆ ఎంజైమ్ లోపంతో పుడతారు. ఆయన బృందం ఆ మనిషి ఎంజైమ్‌ను ఈస్ట్ కణాల్లో తయారుచేయించింది. ఒక రకం ఈస్ట్‌లో ఎంజైమ్ మైటోకాండ్రియా అనే, కణానికి శక్తి తయారుచేసే భాగాల లోపలికి చక్కగా చేరింది గాని పనిచేయలేదు. అప్పటిదాకా లోపలికి చేరితే చాలు, తనే మడతపడుతుందని అందరూ అనుకున్నారు. జర్మనీలోని ఉల్రిచ్ హార్ట్‌ల్‌తో కలిసి చూస్తే, ఆ ఈస్ట్‌లో చెడింది గ్రోఈఎల్‌కు చుట్టమైన ఒక షాపెరోన్ అని తేలింది. 1989లో అది అచ్చయింది. 2011లో ఇద్దరికీ వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

ఇక నా కంటి సంగతి. కిందటేడు నాకు శుక్లం ఆపరేషన్ అయింది కదా. కంటి కటకం నడిమధ్యలో ఉన్న కణాలకు కేంద్రకం ఉండదు, కొత్త ప్రొటీన్లు తయారుచేసుకోలేవు. డాక్టరుగారు తీసేసిన నా కటకం నడుమ ఉన్న ప్రొటీన్లు, నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు తయారైనవి! ఇన్నేళ్ళూ వాటిని కాపాడింది ఆల్ఫా క్రిస్టాలిన్. కటకం ప్రొటీన్లలో మూడో వంతు దాకా అదే ఉంటుంది. అది షాపెరోన్‌లా పనిచేస్తుందని 1992లో జోసెఫ్ హార్విట్జ్ చూపించారు. దీనికి గదీ లేదు, మూతా లేదు. మడత వీడుతున్న ప్రొటీన్‌ను పట్టుకుని, ముద్దకట్టకుండా ఆపుతుంది. వేడి పెరిగేకొద్దీ, 30 డిగ్రీలు దాటాక దీని శక్తి బాగా పెరుగుతుందని మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సి.హెచ్. మోహనరావు బృందం 1990లలో కనిపెట్టింది. వయసు మీదపడి, ఎండ తగిలి, షుగర్ ఉంటే మరీనూ, ఆ ఆల్ఫా క్రిస్టాలిన్ అయిపోతూ వస్తుంది. అప్పుడు ప్రొటీన్లు ముద్దకట్టి వెలుగును చెదరగొడతాయి. శుక్లం అంటే అదే. చిన్నదీ, నీ గుడ్డుకూ నా కంటికీ చుట్టరికం ఇక్కడే.

ప్రొటీన్ డేటా బ్యాంక్ అని ఇంటర్నెట్‌లో అందరూ ఉచితంగా చూసుకునే చోటుంది. అందులో అన్నయ్యను ఒకటి, ఏ, ఓ, ఎన్ (1AON) అని వరసగా కొట్టమను. మూత పెట్టిన గ్రోఈఎల్ కనబడుతుంది. మౌస్‌తో తిప్పి పైనుంచి చూడండి. మూత ఉన్నవైపు గది పెద్దదో, లేనివైపు పెద్దదో, ఒక్కో వలయంలో ముక్కలు ఎన్నో లెక్కపెట్టి ఆదివారం ఫోన్లో చెప్పండి.

మీ అమ్మమ్మ