ఆరో వారానికి ఖాళీ అయ్యే వెనక బెంచీలు: డిగ్రీ మొదటి ఏడాదిపై అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు అకౌంట్స్ చెబుతాను. దాంతోపాటు మెంటార్ డ్యూటీ ఒకటుంది. పేరు పెద్దదే గానీ అందులో అసలు పని రాని పిల్లలకు ఫోన్ చేయడమే. ఏళ్లుగా ఆ ఫోన్లలో నేను విన్నదానికీ, స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ మేం అనుకునేదానికీ పొంతన కుదరదు. జూలైలో కిటకిటలాడిన క్లాసు దసరా దాటేసరికి ఎందుకు పలచబడుతుందో మా దగ్గర రెడీమేడ్ కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని నేను కూడా నమ్మినదాన్నే.

అపోహ: చదువు రానివాళ్లే మానేస్తారు

ఇంటర్‌లో వెయ్యికి 900 పైన తెచ్చుకున్న అమ్మాయి ఒకతి మొదటి సెమిస్టర్ సగంలో ఆగిపోయింది. ములుగు అవతలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఎంత తెల్లారి బయల్దేరినా మొదటి పీరియడ్ అందేది కాదు. ఆ పీరియడ్ నాదే. రోజూ సగం క్లాసులో తలుపు దగ్గర నిలబడి "మే ఐ కమిన్ మేడం" అనడం, అరవై మంది తలలు అటు తిరగడం. కొన్నాళ్లకు అకౌంట్స్ మానేసింది, తర్వాత కాలేజీకి రావడమే మానేసింది. నా క్లాసును మూడో పీరియడ్‌కు మారిస్తే సరిపోయేది. ఆ సంగతి నాకు మరుసటి ఏడాది తట్టింది.

1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధక విద్యార్థి ఇలాంటి ప్రశ్నతోనే మొదలుపెట్టాడు. కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఎందుకు తప్పుతున్నారు అని. అక్కడి అధ్యాపకులు చెప్పిన కారణాలు మన స్టాఫ్ రూమ్‌లో వినిపించేవే: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో పట్టించుకోరు, డబ్బుల్లేవు. ఆయన నెలల తరబడి పిల్లల వెంట ఉండి చూస్తే ఆ కారణాలేవీ నిలబడలేదు. తేడా చదివే తీరులో కనిపించింది. బాగా రాస్తున్న చైనా మూలాల విద్యార్థులు సాయంత్రం కూడి లెక్కలు చేసుకుంటున్నారు, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. నల్లజాతి విద్యార్థులేమో ఎవరి గదిలో వాళ్లు గంటలకొద్దీ ఒంటరిగా కుస్తీ పడుతున్నారు.

హన్మకొండ నయీంనగర్‌లో అద్దె రూముల్లో ఉండే మా పిల్లల్ని చూస్తే ఇదే గుర్తొస్తుంది. నలుగురు ఒకే గదిలో ఉంటారు, ఒకే కుక్కర్‌లో వండుకుంటారు, ఒకే చార్జర్ వాడుకుంటారు. అకౌంట్స్ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఎవరిది వాళ్లే. తనకు రాలేదన్న సంగతి పక్కవాడికి తెలియడం సిగ్గు. పక్కవాడికీ రాలేదని ఇద్దరికీ తెలియదు.

అపోహ: వీక్ స్టూడెంట్స్‌కు రెమిడియల్ క్లాస్ పెడితే సరి

ఇది నేను ఎక్కువ కాలం నమ్మిన అపోహ. మొదటి ఇంటర్నల్ తర్వాత తక్కువ మార్కులవాళ్ల లిస్టు తీసి నోటీసు బోర్డు మీద అంటించేవాళ్లం. సాయంత్రం 4 తర్వాత క్లాసు. లిస్టులో పేరున్న పిల్లాడు ఆ బోర్డు ముందు నుంచి కూడా నడిచేవాడు కాదు. వచ్చిన నలుగురైదుగురికి పొద్దున చెప్పిందే మళ్లీ చెప్పేదాన్ని, కొంచెం నెమ్మదిగా, కొంచెం గట్టిగా. 4 దాటాక పరకాల, నర్సంపేట వైపు బస్సులు ఎంత కిక్కిరిసి ఉంటాయో టైమ్‌టేబుల్ వేసినవాళ్లకు తెలియదు.

1973లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ క్యాంపస్‌లో డీనా మార్టిన్ మొదలుపెట్టిన పద్ధతి దీన్ని తలకిందులు చేసింది. వెనకబడిన విద్యార్థులను ఏరడం మానేసి, ఎక్కువ మంది తప్పుతున్న సబ్జెక్టులను ఏరారు. ఆ సబ్జెక్టు ఇదివరకే బాగా పాసైన సీనియర్ ఒకరు మళ్లీ అదే క్లాసులో కూర్చుంటారు. తర్వాత వారం వారం జూనియర్లతో కూర్చుని లెక్కలు చేయిస్తారు. ఇష్టమున్నవాళ్లు ఎవరైనా రావచ్చు, టాపర్ కూడా. అలాంటప్పుడు వెళ్లినంత మాత్రాన మొద్దు అన్న ముద్ర పడదు.

మా దగ్గర అలాంటి సబ్జెక్టు ఏదో వెతకనక్కర్లేదు, ఫైనాన్షియల్ అకౌంటింగే. బీకాం కంప్యూటర్స్‌లో చేరే పిల్లల్లో ఎంపీసీ, బైపీసీ నుంచి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు డెబిట్, క్రెడిట్ అంటే ఫోన్‌కు వచ్చే మెసేజే. బ్యాంకు మెసేజ్‌లో డబ్బు వస్తే 'క్రెడిట్' అయిందని ఉంటుంది. క్లాసులో నేనేమో నగదు వస్తే నగదు ఖాతాకు డెబిట్ చేయమంటాను. ఇక్కడే సగం క్లాసు మునుగుతుంది, ఎవరూ నోరు విప్పరు. అది బ్యాంకు పుస్తకంలోంచి రాసిన మెసేజ్ అనీ, మన డబ్బు దాచుకున్నందుకు బ్యాంకు మనకు బాకీ ఉందనీ, అందుకే వాళ్ల పుస్తకంలో మన ఖాతాకు క్రెడిట్ పడుతుందనీ నేను ఏనాడూ చెప్పలేదు. నాకు అది సందేహమే కాదు కదా మరి! ఆ పద్ధతిలోనే మేమూ సీనియర్లతో ఒక గ్రూపు మొదలుపెట్టాం. రెండో ఏడాది చదివే ఒక అబ్బాయి దాని మొదటి క్లాసులోనే ఫోన్ తీసి, మెసేజ్ చూపించి, బోర్డు మీద రెండు పుస్తకాలు గీసి చెప్పాడు. ఏడాది కిందటే అతనూ అక్కడే మునిగాడు, అందుకే ఆ గుంట ఎక్కడుందో తెలుసు.

ఇప్పుడు ఆ గ్రూపు లంచ్‌కు ముందు పీరియడ్‌లో, టైమ్‌టేబుల్ లోపలే ఉంటుంది. నడిపేవాళ్లకు నేను పెట్టే షరతు ఒక్కటే, పాఠం చెప్పొద్దు, లెక్క ఇచ్చి చేయించాలి. చూసి చదివింది వచ్చినట్టే అనిపిస్తుంది గానీ నిలవదు. దీన్ని 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. చదివిన అయిదు నిమిషాలకు అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. మా సెమిస్టర్ పరీక్షేమో నెలల తర్వాత ఉంటుంది.

అపోహ: అంతా ఇంగ్లిష్ వల్లే

కొంత నిజమే. కానీ ఇంగ్లిష్ రాదన్న మాట మేం చాలావాటిని కప్పిపెట్టడానికి వాడుతున్నాం. తెలుగు మీడియం సీఈసీ నుంచి వచ్చిన అమ్మాయికి చిట్టా, ఆవర్జా, అంకణా, తరుగుదల, రానిబాకీలు అన్నీ తెలుసు. నేను జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అంటుంటే ఇవేవో కొత్త పాఠాలని భయపడింది. అంకణానే ట్రయల్ బ్యాలెన్స్ అని తెలిసిన రోజున "గిదేనా మేడం!" అంది. ఇంగ్లిష్ మీడియం ఎంపీసీ కుర్రాడి కంటే ఆమె రెండేళ్లు ముందుంది, ఆ సంగతి ఆమెకే తెలియదు. ఒక కాగితం మీద రెండు వరుసల్లో ఆ మాటలు రాసి జిరాక్స్ తీసి పంచాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అతి చవకైన సంస్కరణ అదే.

ఇంగ్లిష్ మీడియంలో చేరినా పరీక్షను స్థానిక భాషలో రాసే వీలు కల్పించాలని 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. మీ సబ్జెక్టుకు అది వర్తిస్తుందో లేదో పరీక్షల విభాగంలో అడగండి. సీనియర్లు చెప్పారని ఊరుకోవద్దు.

అపోహ: సాయం కావాలంటే వాళ్లే వచ్చి అడుగుతారు

"నా రూమ్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని మొదటి రోజు అందరం చెబుతాం. ఆ తలుపు దాటి వచ్చేది ముందు బెంచీ పిల్లలే, అదీ ఇంటర్నల్‌లో అర మార్కు కోసం. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లకు లెక్చరర్ గదిలోకి వెళ్లి ఏమని అడగాలో తెలియదు. అడిగితే తిడతారేమోనని టెన్షన్. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) చివరి విడతలో సీటొచ్చి చేరినవాళ్ల సంగతి మరీ కష్టం. వాళ్లు వచ్చేసరికి మేం రెండో యూనిట్‌లో ఉంటాం, గ్రూపులు కట్టడం అయిపోయి ఉంటుంది, బెంచీలు కూడా పంచుకోవడం అయిపోయి ఉంటుంది.

అందుకే వరుసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు ఫోన్ చేస్తాను. నెలాఖరులో అటెండెన్స్ శాతం లెక్కగట్టి చేస్తే అప్పటికే ఆలస్యం. మొదటి ఆరు వారాలు ఈ పని మానకూడదు. ఆ తర్వాత రాకపోవడమే అలవాటవుతుంది. మొదట్లో "ఎందుకు రాలేదు" అని అడిగేదాన్ని. జవాబు ఎప్పుడూ జ్వరమే. ఇప్పుడు "రేపు ఫలానా పాఠం మొదలుపెడుతున్నాం, వస్తావా బిడ్డా?" అంటున్నాను. "వస్త మేడం" అన్నాక కాస్త ఆగితే అసలు సంగతి దానంతట అదే బయటికొస్తుంది.

ఒకసారి జనగామ వైపు ఊళ్లో ఉండే ఒక తండ్రికి ఫోన్ చేశాను. "అదేంది మేడం, మావోడు రోజు పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకొని పోతనే ఉన్నడు గదా!" అన్నాడు. ఆ అబ్బాయి కాజీపేట స్టేషన్‌లో దిగి సాయంత్రం దాకా అక్కడే బెంచీ మీద కూర్చుంటున్నాడు. అప్పటి నుంచి ఇంటికి చేసే ముందు పిల్లాడికే చేస్తాను. ముందు ఇంటికి చెప్పి ఆ కుర్రాణ్ని ఇంకాస్త దూరం చేసుకున్నానేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

మెంటార్ రిజిస్టర్ గురించి ఒక్క మాట. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చే ముందు వారంలో ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండే రిజిస్టర్‌ను మెంటరింగ్ అనుకుంటే నేను చెప్పేదేమీ లేదు.

అపోహ: రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, డబ్బు సమస్యే కాదు

ట్యూషన్ ఫీజు ఒక్కటే ఖర్చా? రూమ్ అద్దె, పరీక్ష ఫీజు, రికార్డు పుస్తకాలు, బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. దూరం నుంచి వచ్చే అమ్మాయిల్లో ఆ తేడా నేను కళ్లారా చూశాను. మగపిల్లలు పాస్ కొనాల్సిందే. ఇక ప్రభుత్వం నుంచి ఫీజు డబ్బు ఆలస్యమైతే కొన్ని కాలేజీలు ముందు విద్యార్థినే కట్టమంటాయి. "ఫీజు కట్టలేదని హాల్‌టికెట్ ఇస్తలేరు" అన్న మాట ప్రతి ఏడాదీ వింటాం.

పిల్లల్ని ఆపేసే మొత్తాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చాలాసార్లు వెయ్యీ రెండు వేలే. అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2011 నుంచి, చిన్న బాకీ వల్ల పేరు కొట్టేసే దశకు వచ్చిన విద్యార్థులను తనే గుర్తించి, దరఖాస్తు అడగకుండానే ఆ బాకీ తీర్చే చిన్న గ్రాంట్లు ఇస్తోంది. మాకు అలాంటి నిధి లేదు. పరీక్ష ఫీజు చివరి తేదీకి ముందు కట్టనివాళ్ల లిస్టు తీసి, స్టాఫ్ తలా కొంత వేసుకుని కడతాం. ఎవరికి కట్టామో క్లాసులో చెప్పం. తిరిగి ఇచ్చినవాళ్లు ఇచ్చారు.

అపోహ: పండక్కి పోయినవాడు రెండ్రోజుల్లో వస్తాడు

బతుకమ్మ, దసరా సెలవులు పత్తి ఏరే కాలంతో కలుస్తాయి. కూలీలు దొరకని రోజుల్లో ఇంట్లో ఉన్న రెండు చేతులను ఎవరు వదులుకుంటారు? "పత్తి అయిపోంగనే వస్త మేడం" అన్న కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుంటే 75 శాతం హాజరుకు 68 రోజులు కావాలి, అంటే 22 రోజులే వదులుకోవచ్చు. పత్తికి 15, పండగకు ముందూ వెనకా 4, జ్వరానికి 4 కలిపితే 23. ఈ లెక్కను సెలవులకు ముందే బోర్డు మీద వేసి చూపిస్తే కొందరు పత్తిని ఆదివారాలకు సర్దుకుంటారు. అందరూ సర్దుకోలేరు.

అపోహ: ఒకసారి ఆగితే ఇక అంతే

ఆగిన సెమిస్టర్‌లో మళ్లీ చేరేందుకు రీఅడ్మిషన్ పద్ధతి ఉంది. ఉద్యోగంలో చేరక తప్పనివాళ్లకు 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఇవి పిల్లలకు తెలియవు. టీసీ తీసుకునే రోజున కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు కూడా. ఇప్పుడు మా దగ్గర టీసీ అడిగినవాళ్లను ముందు నా దగ్గరికి పంపుతున్నారు. ఆపడానికి కాదు, నేను కూర్చోబెట్టి ఈ దారులు చెప్పి పంపిస్తాను.

స్టేషన్ బెంచీ మీద కూర్చున్న ఆ అబ్బాయి ఏడాది తర్వాత తిరిగొచ్చాడు. తరగతి గది ముందు నిలబడి "మేడం, పాత ఐడీ కార్డు నడుస్తదా?" అని అడిగాడు. నడవదు, కొత్తది తీసుకోవాలి. ఆఫీసు లంచ్ తర్వాత తెరుస్తారు, అప్పటిదాకా గ్రూపులో కూర్చో అన్నాను. వెనక బెంచీలో కూర్చున్నాడు, పక్కన ఇంకో ఇద్దరున్నారు.