ఎండుగడ్డి పురి పెట్టి గట్టెక్కిన చలికాలం

చిన్నారులూ, అందరికీ అమ్మమ్మ దీవెనలు.

మొన్న ఫోన్‌లో ఇక్కడి మంచు గురించీ, 1880 చలికాలంలో ఆ మంచులో చిక్కుకుపోయిన ఒక ఊరివాళ్ళ గురించీ చెబుతుంటే మీలో ఒకరు అడిగారు, "అంత చలైతే ఆ రోజుల్లో వాళ్ళు వేరే ఊరు వెళ్ళిపోవచ్చు కదా అమ్మమ్మా" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, ఆ ప్రశ్న మనసులోనే ఉండిపోయింది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అమెరికాలో నేనున్న మినియాపోలిస్ నుంచి పడమటికి కారులో నాలుగు గంటలు పోతే డి స్మెట్ అని ఒక చిన్న ఊరు వస్తుంది. ఇప్పుడది సౌత్ డకోటా రాష్ట్రం. 1880లో అది రాష్ట్రమే కాదు, ఊరు కూడా రైలు పట్టాల పక్కన అప్పుడే పుట్టింది. ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు నీదే అని 1862లో ప్రభుత్వం చట్టం చేసింది, దాని కోసమే జనం వచ్చారు. నిజానికి ఆ నేల ఖాళీగా ఏమీ లేదు, తరతరాలుగా డకోటా అనే ఆదివాసులు బతికిన చోటు అది. వాళ్ళని పక్కకి నెట్టేసి పంచారు. ఈ మాట చెప్పకుండా ఆ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

అలా వచ్చిన వాళ్ళలో చార్లెస్ ఇంగల్స్, ఆయన భార్య కారొలిన్, నలుగురు ఆడపిల్లలు. పెద్దమ్మాయి మేరీకి ముందు ఏడాదే జబ్బు చేసి చూపు పోయింది. లారాకి 13, క్యారీకి 10, గ్రేస్‌కి 3. అక్టోబరు నెల సగం కూడా దాటకముందే మొదటి మంచు తుపాను వచ్చిపడింది. పొలంలో వేసుకున్న పలుచటి చెక్క ఇంట్లో చలికాలం గడవదని తెలిసి ఊళ్ళోకి మారారు.

మంచు తుపాను అంటే ఆకాశం నుంచి మెల్లగా రాలే మంచు అనుకోకండి. పిండిలాంటి మంచుని గాలి విసిరి కొడుతుంది, చాచిన చెయ్యి కనపడదు, ఇంటికీ కొట్టానికీ మధ్యే దారి తప్పి చనిపోయినవాళ్ళున్నారు. అందుకే తాడు కట్టుకుని, అది పట్టుకుని పశువుల దగ్గరికి వెళ్ళేవాళ్ళు.

ఇక మీ ప్రశ్న. వెళ్ళాలంటే రైలొక్కటే దారి. మిట్టలు అడ్డొచ్చిన చోట నేలని తవ్వి, ఆ కోతలో పట్టాలు వేశారు. ఆ కోత నిండా మంచు పూడిపోయేది. మనుషులు పారలతో తవ్వి రెండు పక్కలా పోసేవాళ్ళు. దాంతో గట్లు ఇంకా ఎత్తయ్యేవి, మళ్ళీ తుపాను వచ్చి ముందుకంటే లోతుగా పూడ్చేది. జనవరిలో ఆగిన రైళ్ళు మే దాకా రాలేదు. బొగ్గు, పిండి, కిరసనాయిలు అన్నీ రైల్లో రావాల్సినవే మరి! ఊరు కొత్తది కదా, తినడానికి సొంత పంటంటూ ఇంకా చేతికి రాలేదు.

బొగ్గు అయిపోయింది. కట్టెలు కొట్టుకుందామంటే చుట్టూ చెట్టు లేదు. పశువుల కోసం దాచిన ఎండుగడ్డిని గట్టిగా పురి పెట్టి, రెండుగా మడిచి, కొస లోపలికి దోపితే చిన్న కట్టెలా తయారయ్యేది. అది పొయ్యిలో ఎంతసేపని కాలుతుంది? ఒకటి కాలేలోపు ఇంకొకటి మెలిపెట్టాలి, రోజంతా అదే పని. అరచేతులు కోసుకుపోయేవి. పిండి అయిపోయాక గోధుమల్ని కాఫీ గింజలు విసిరే చిన్న చేతి మరలో విసిరారు. కళ్ళు కనపడని మేరీ కూడా మర ఒళ్ళో పెట్టుకుని తిప్పేది. గంటలకొద్దీ తిప్పితే ఒక పూట రొట్టెకి సరిపడా బరక పిండి వచ్చేది.

చివరికి ఆ గోధుమలు కూడా అడుగంటాయి. మైళ్ళ దూరంలో ఒక రైతు దగ్గర గోధుమలున్నాయని తెలిసి, ఆల్మంజో వైల్డర్, క్యాప్ గార్లండ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు మంచు మీద జారే స్లెడ్జి బళ్ళు కట్టుకుని, రెండు తుపానుల మధ్య తెరిపి చూసుకుని బయల్దేరారు. ఆ రైతు మొదట ఇవ్వనన్నాడట, అవి విత్తనాలకి దాచుకున్నవి. నేను ఆగిపోయేది ఇక్కడే. విత్తనాల గింజల జోలికి వెళ్ళకూడదని మా అమ్మ ఎంత కరువులోనూ గాదె తాళం తీసేది కాదు. ఆ రైతు పిసినారి కాదర్రా, వచ్చే ఏడు ఏం తినాలా అని భయపడ్డాడు. బతిమాలితే చివరికి అమ్మాడు. ఊరు బతికింది.

మేలో రైలొచ్చింది. క్రిస్మస్‌కి రావాల్సిన కానుకల పీపా అప్పుడు చేరింది, అందులో టర్కీ కోడి ఉంటే ఎండాకాలం మొదట్లో పండగ చేసుకున్నారు.

ఆ భార్యాభర్తలు తర్వాతైనా ఊరు వదల్లేదు. చార్లెస్ 1902లో, కారొలిన్ 1924లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. పొయ్యిలోకి కట్టెపుల్ల దొరకని ఆ పొలంలో ఆయన భార్యకీ కూతుళ్ళకీ తలా ఒకటని కాటన్‌వుడ్ మొక్కలు నాటాడు. ఆ చెట్లు ఇంకా ఉన్నాయి. మంచు కరిగాక మీ మామయ్యతో వెళ్ళి చూసి, ఫొటోలు పంపిస్తాను.

మీ అమ్మమ్మ