సిరిసిల్ల సాంచలు మాటిమాటికీ ఎందుకు ఆగుతాయి?

మానేరు ఒడ్డున్న సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. గల్లీలో సాంచల చప్పుడు వినపడలేదంటే పని లేదన్నట్టే. ఆగినప్పుడల్లా ఆర్డర్ రాలేదనో, కరెంటు బిల్లు పెరిగిందనో అంటారు. రెండూ నిజమే గానీ, చిక్కు అంతకంటే పాతది.

చేమగ్గం కూడు పెట్టని రోజుల్లో ఇక్కడి పద్మశాలీలు భీవండి, బొంబాయి, సోలాపూర్ బాట పట్టారు. సాంచె నడపడం అక్కడ నేర్చారు, సాంచలూ అటునుంచే ఊరికి వచ్చాయి. వ్యాపారం మాత్రం వెంట రాలేదు. పాలిస్టర్ నూలు బయటినుంచి రావాలి. నేసిన గ్రే బట్టకు, అంటే రంగు పడని పచ్చి బట్టకు, రంగు, అద్దకం ఎక్కువగా బయటే. నడుమ నేత ఒక్కటే ఊరి చేతిలో మిగిలింది.

ఆ నేతలోనూ మూడు అంతస్తులు. యజమాని నూలు కొని, వార్పింగ్ చేయించి, అంటే నిలువు పోగులను బీము అనే పెద్ద రోలరుకు చుట్టించి, ఆ బీములు ఆసామికి ఇస్తాడు. ఆసామికి సాంచలున్నాయి, నూలు లేదు. కార్మికుడికి రెండూ లేవు. బట్ట ధర పడితే యజమాని బీములు ఇవ్వడం ఆపేస్తాడు. ఆసామికి షెడ్డు కిరాయి, కరెంటు మినిమం బిల్లు తప్పవు. కార్మికుడికి ఆ వారం కూలే ఉండదు. ఇల్లు ఆడవాళ్ల బీడీల మీద నడుస్తుంది.

కూలి లెక్క పిక్కుల్లో ఉంది. పిక్కు అంటే పడుగులోంచి (నిలువు పోగుల్లోంచి) పేక (అడ్డపోగు) ఒకసారి దూరడం. అంగుళానికి 48 పిక్కులైతే మీటరుకు దాదాపు 1,890. నిమిషానికి 120 పిక్కులు కొట్టే సాంచెకు మీటరు నేయడానికి 16 నిమిషాలు పడుతుంది. అదే 60 పిక్కుల బట్టయితే 20 నిమిషాలు. అందుకే ‘మీటరుకు ఇంత’ అని ఒకే రేటు కడితే దట్టమైన బట్ట నేసేవాడు మునుగుతాడు. కూలి గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. పైగా ఇది సాంచె ఆగకుంటే వచ్చే లెక్క. పేక నూలు చుట్టిన కండె అయిపోతే మార్చాలి, పోగు తెగితే అతకాలి. ఒక్కడే ఏడెనిమిది సాంచలు చూస్తుంటే తెగిన పోగు వెంటనే కంటపడదు. బట్టలో గీత పడుతుంది, కూలిలో కోత పడుతుంది.

కరెంటుదీ ఇలాంటి మెలికే ఉండేది. కుటీర పరిశ్రమకిచ్చే తక్కువ కరెంటు రేటు 2024 దాకా 10 హార్స్‌పవర్ వరకే. సాంచెకు ఒక హార్స్‌పవర్ వేసుకున్నా పదితో సరి. ఆపైన నాలుగు సాంచలు పెంచుకున్న ఆసామి మామూలు పరిశ్రమల లెక్కలోకి వచ్చేవాడు.

2017లో ప్రభుత్వం ఆడవాళ్లకు పంచే బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చింది. ఏటా కోటి చీరలంటే దాదాపు 6 కోట్ల మీటర్లు. ఊరికి అంత పని ఒకేచోటినుంచి ఎన్నడూ రాలేదు. అంచు కోసం సాంచలకు డాబీలు, జకార్డులు అనే డిజైన్ నేసే పరికరాలు బిగించారు. అప్పు చేసి బిగించినవాళ్లూ ఉన్నారు. 2023 బతుకమ్మ తర్వాత ఆ పథకం ఆగింది. ఆ తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళలకు చీరల ఆర్డర్ వచ్చింది. కానీ ఏ పేరుతో ఇచ్చినా కొనేది ప్రభుత్వం ఒక్కటే, అదీ ఏడాదిలో కొన్ని నెలలకే.

మిగతా నెలల్లో మళ్లీ సాదా పాలిస్టరే నేయాలి. అలా మారడమూ తేలిక కాదు. పాత బీము దించి, కొత్తది ఎక్కించి, రెండు వేలకు పైగా పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. అంతసేపూ సాంచె ఖాళీయే. సాదా బట్టకు డాబీతో పనే లేదు. అప్పు కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది.