సర్జికల్ షాపు: మూడు తరాలుగా వింటున్న అపోహలు, వాటి వాస్తవాలు

నెల్లూరులో మాది తాతగారి నాటి సర్జికల్ షాపు. అప్పట్లో మద్రాసు నుంచి రైల్లో సరుకు తెచ్చేవారు. కావలి, ఆత్మకూరు వైపు నుంచి వచ్చే నర్సింగ్ హోమ్ వాళ్ళు, ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళ కోసం సామాను కొనేవాళ్ళు అనే మాటలు కొన్ని ఇన్నేళ్ళయినా మారలేదు.

అపోహ: గాజు సిరంజిలే మేలు. మరిగిస్తే క్రిములన్నీ చస్తాయి.

వాస్తవం: గాజు సిరంజిని నేను చులకన చేయను, మా కుటుంబం నిలదొక్కుకున్నది వాటి మీదే. ఒక్కో పిస్టన్‌ను దాని గొట్టానికి సరిపోయేలా అరగదీసేవారు కాబట్టి రెండింటి మీదా ఒకే నంబరు ఉండేది. కడిగేటప్పుడు జతలు తారుమారైతే మందు వెనక్కి కారేది, లేదా పిస్టన్ బిగుసుకుపోయేది. అలాంటివి మూటగట్టి తెస్తే తాతగారు వెలుతురులో నంబర్లు చూసి జత కలిపి ఇచ్చేవారు. మొద్దుబారిన సూదిని సానరాయి మీద పదును పెట్టి, లోపల సన్నని తీగ దూర్చి మళ్ళీ వాడేవారు.

చిక్కంతా మరిగించడం దగ్గరే. మరిగే నీటి వేడి 100 డిగ్రీలు దాటదు. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపాలు, ఆ వేడిని తట్టుకోగలవు. వాటిని చంపాలంటే ఆటోక్లేవ్‌లో, అంటే ప్రెషర్ కుక్కర్ లాంటి ఆవిరి యంత్రంలో, 15 పౌండ్ల పీడనంతో, 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి. చిన్న క్లినిక్కుల్లో అంత ఓపిక, వసతి అన్నివేళలా ఉండేవి కావు. వాడిన సూదుల వల్ల హెపటైటిస్-బి, హెచ్‌ఐవి పాకుతాయని తెలిశాక డిస్పోజబుల్ సిరంజి తప్పనిసరి అయింది. దాన్ని కూడా వేడినీళ్ళలో కడిగి దాచుకునేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. ప్యాకెట్ మీద 2 అంకెను కొట్టేసిన గుర్తు చూడండి, రెండోసారి వాడరాదని దాని అర్థం. ఇసుక గడియారం బొమ్మ పక్కన ఉండేది గడువు తేదీ. ప్యాకెట్ చిరిగినా, తడిసినా గడువు ఎంత మిగిలి ఉన్నా లోపలి వస్తువు స్టెరైల్ (క్రిములు లేనిది) కాదు.

అపోహ: పాత షాపు కదా, కాగితాలతో పనేముంది?

వాస్తవం: తాతగారు సంపాదించిన మంచి పేరంటే నాకు ప్రాణం. కానీ ఆ పేరు కాథెటర్‌ను (ఒంట్లోకి పెట్టే గొట్టాన్ని) శుభ్రంగా ఉంచగలిగేది కాదు. వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాల కిందికే వచ్చాయి. 2022లో నియమాలు సవరించాక, మందుల లైసెన్సు లేకుండా పరికరాలు మాత్రమే అమ్మేవారికి ఎండీ-42 రిజిస్ట్రేషన్ ఉండాలి. సరుకు ఎక్కడ కొన్నామో బ్యాచ్ నంబరుతో సహా రాసిపెట్టాలి. ఏదైనా బ్యాచ్‌లో లోపం బయటపడితే వెనక్కి రప్పించడానికి ఆ పుస్తకమే ఆధారం. మీరు బిల్లు అడిగితే మాకు కోపం రాదు, అడగండి.

అపోహ: ఎమ్మార్పీలో సగం షాపువాడి జేబులోకే.

వాస్తవం: కొన్ని సరుకుల మీద ముద్రించే ధర అతిగా ఉంటోందన్న మాట నిజం, అది నాకూ నచ్చదు. కానీ ఆ ధరను నిర్ణయించేది మేము కాదు, మధ్యలో పంపిణీదారుల వాటాలూ ఉంటాయి. 2021 జూలైలో పల్స్ ఆక్సీమీటర్, గ్లూకోమీటర్, బీపీ మిషన్, నెబ్యులైజర్, డిజిటల్ థర్మామీటర్‌లపై మొత్తం వ్యాపార మార్జిన్‌కు (పంపిణీదారు నుంచి షాపు దాకా అందరి లాభాలకు కలిపి) కేంద్రం 70 శాతం పరిమితి పెట్టింది.

అపోహ: పాదరసం బీపీ మిషనే సరిగ్గా చూపిస్తుంది.

వాస్తవం: పాదరసం విషం కాబట్టి, దాని వాడకం తగ్గించేందుకు దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం కింద ప్రపంచమంతా దాన్ని వదిలించుకుంటోంది. పరీక్షలకు నిలిచిన డిజిటల్ మిషన్ ఇంటికి చాలు. ఎక్కువమంది పొరపడేది చేతికి చుట్టే పట్టీ దగ్గర. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పట్టీ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టి రావాలి. మిషన్ కొనేటప్పుడు చేయి కొలిపించుకుని, పెద్ద పట్టీ కావాలంటే అప్పుడే మార్పించుకోండి.