భోజనాల బల్ల దగ్గర మొదలైన బాకీ

ఫ్రీలాన్సర్లకు, అంటే జీతం మీద కాకుండా పనికింతని చేసేవాళ్ళకు, రావాల్సిన బకాయిల గొడవ మళ్ళీ రాజుకుంది, దాంతోపాటు చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ న్యూయార్క్‌లో పెట్టిన మ్యాగజీన్ ‘ఇంటర్వ్యూ’ పేరూ మళ్ళీ వినిపిస్తోంది. ఆండీ వార్‌హోల్ ఎవరు, సూప్ డబ్బాల బొమ్మలు ఎందుకంత ఫేమస్ అయ్యాయి, 1969లో సినిమా పత్రికగా మొదలైనది ఫ్యాషన్, ఆర్ట్, భోజనం, కబుర్లు అన్నీ కలిసిన పత్రికగా ఎలా మారింది, ఇవన్నీ చాలాచోట్ల దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నా. రాసినవాళ్ళకు డబ్బు ఎందుకు రాలేదు, అదే పేరుతో పత్రిక మాత్రం మళ్ళీ ఎలా వచ్చింది అన్నదే ఇక్కడ విషయం.

ముందు 2018 సంగతి చూద్దాం. ఫిబ్రవరిలో అద్దె వివాదం ముదిరి న్యూయార్క్ సోహో ప్రాంతంలోని పత్రిక ఆఫీసుకు తాళం పడింది, పనిచేసేవాళ్ళు బయటే ఉండిపోయారు. మే మొదట్లో, అంతకుముందు దాకా పత్రికను నడిపించిన ఆర్ట్ డైరెక్టర్ ఫాబియన్ బారన్, ఆయన భార్య అయిన స్టైలిస్ట్ లుదివిన్ ప్వాబ్లాన్ కోర్టుకెక్కారు. తమకు రావాల్సింది 6 లక్షల డాలర్లకు పైనే అన్నది వాళ్ళ వాదన. అదే నెల 21న పత్రిక మూతపడింది, కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆ పిటిషన్‌లోని బాకీల జాబితాలో వందల మంది అప్పులవాళ్ళు తేలారు. ఫొటోగ్రాఫర్లు, మేకప్ చేసేవాళ్ళు, మోడళ్ళ ఏజెన్సీలు, ఒక్క వ్యాసం రాసి మెయిళ్ళ మీద మెయిళ్ళు పెడుతూ కూర్చున్న కుర్రాళ్ళు అందరూ ఒకే వరసలో నిలబడ్డారు. బారన్ స్థాయి వాళ్ళకు లాయర్‌ను పెట్టుకునే స్తోమత ఉంది, కొన్ని వందల డాలర్ల బిల్లు పట్టుకున్నవాళ్ళకు లాయర్ ఫీజే అంతకు మించిపోతుంది. మన దగ్గర పారితోషికం మనియార్డరు కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూసిన పాత తరం రచయితలకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

కంపెనీ ఎంచుకున్న దారి అమెరికా దివాలా చట్టంలోని ఏడో అధ్యాయం, అంటే దుకాణం పూర్తిగా కట్టేసి ఉన్నది అమ్మేయడం. పిటిషన్ పడిన క్షణం నుంచి బాకీల కేసులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కోర్టు నియమించిన ట్రస్టీ ఆస్తులు అమ్మి, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన వాళ్ళకు ముందు ఇస్తాడు, తర్వాత దివాలా ప్రక్రియ ఖర్చులు, జీతగాళ్ళకు ఒక పరిమితి దాకా జీతం, పన్నులు వగైరా. ఫ్రీలాన్స్ రచయిత జీతగాడి కింద లెక్కకు రాడు కాబట్టి వరసలో చిట్టచివర నిలబడతాడు. పత్రిక దగ్గర ఇంతకీ అమ్మడానికి ఏముంది? పేరుంది, పాత సంచికల గుట్ట ఉంది. ఇలాంటి అమ్మకాల్లో కొనేవాడికి సాధారణంగా పేరు శుభ్రంగా చేతికొస్తుంది, బాకీలు మాత్రం చచ్చిన కంపెనీ ఖాతాలోనే ఉండిపోతాయి.

ఇదంతా ఎక్కడ మొదలైందని అడిగితే చాలామంది ప్రింట్ యాడ్స్ పడిపోయిన ఈ పదేళ్ళ వైపు చూపిస్తారు. యాజమాన్యం తరఫున వినిపించేదీ అదే: యాడ్స్ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి, ఖరీదైన కాగితం మీద అచ్చేసే పత్రిక నిలబడడం కష్టమని. అబద్ధం కాదు. కానీ ‘ఇంటర్వ్యూ’ తన కాళ్ళ మీద తాను నిలబడిన రోజులు ఎన్ని అని చూస్తే కథ వేరేగా కనిపిస్తుంది.

1974లో వార్‌హోల్ స్టూడియో యూనియన్ స్క్వేర్ పక్కన 860 బ్రాడ్‌వేకి మారింది. అక్కడ చెక్క పలకల గోడలతో ఒక భోజనాల గది ఉండేది. మధ్యాహ్నం ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చునేవాళ్ళో చూస్తే పత్రిక ఆర్థికం మొత్తం అర్థమవుతుంది. ఒకవైపు కవర్ మీదికి ఎక్కబోయే నటి, ఇంకోవైపు యాడ్ ఇస్తాడేమో అనుకున్న ఫ్యాషన్ కంపెనీ మనిషి, వాళ్ళ మధ్యలో వార్‌హోల్ చేత పోర్ట్రెయిట్ వేయించుకోగల డబ్బున్న దంపతులు. టేప్ రికార్డర్ తిరుగుతూనే ఉంటుంది. ఏం తిన్నారు, ఎవరు ఏం వేసుకొచ్చారు, ఎవరి మీద ఏ పుకారు నడుస్తోంది, అంతా మాట్లాడినది మాట్లాడినట్టే అచ్చయ్యేది. ఆ పత్రిక రుచే అది. అసలు డబ్బు మాత్రం గోడకు ఎక్కే బొమ్మలో ఉండేది. 40 అంగుళాల చదరపు కాన్వాస్‌కు 25,000 డాలర్లు, రెండోది కూడా తీసుకుంటే దానికి తగ్గింపు. నెలనెలా పత్రిక మింగే డబ్బు బొమ్మల్లోంచి వచ్చేది, బొమ్మలు వేయించుకునే మనుషులు పత్రిక వల్ల వచ్చేవాళ్ళు. ఎడిటర్ బాబ్ కొలాసెల్లో పనిలో సగం రాయడం, సగం ఈ మనుషుల్ని బల్ల దగ్గరికి తీసుకురావడం. వార్‌హోల్ కూడా తక్కువ తినలేదు, చంకలో సంచికలు పెట్టుకుని వీధిలో కనిపించినవాళ్ళకు పంచుతూ తిరిగేవాడు.

ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ భయానికి వార్‌హోల్ 1976 నుంచి రోజూ పొద్దున్నే తన సహాయకురాలికి ఫోన్‌లో ముందురోజు టాక్సీకి ఎంతయిందో కూడా చెప్పి రాయించేవాడు. అంత లెక్కలున్న మనిషి దగ్గర పనిచేసినవాళ్ళకు జీతాలు మాత్రం అంతంతమాత్రమే. దానికి బదులు కాస్త కమిషన్, బోలెడు పార్టీలు, పెద్దవాళ్ళతో పరిచయాలు. ఇక్కడ పేరొస్తుంది, అదే చాలు అన్న అలవాటు ఈ బల్ల దగ్గరే పడింది. అన్యాయమే, అయితే అప్పట్లో నెత్తిమీద కుండ పగలకుండా బొమ్మల డబ్బు కాపాడింది.

1987 ఫిబ్రవరి 22న వార్‌హోల్ పోయాడు. 1989లో ఆయన ఆస్తి వ్యవహారాలు చూసేవాళ్ళ నుంచి పత్రికను పీటర్ బ్రాంట్ కంపెనీ కొనుక్కుంది. నా లెక్కలో మలుపు ఇదే, 2018 కాదు. పోర్ట్రెయిట్ స్టూడియో వేరు, పత్రిక వేరు అయిపోయాయి. పత్రికతోపాటు గ్లామర్ వచ్చింది, పేరొస్తుంది చాలు అన్న అలవాటూ వచ్చింది, ఆ రెండింటినీ పోషించిన బొమ్మల మిషన్ మాత్రం రాలేదు. బ్రాంట్ కూడా ఎవరో దారినపోయే కొనుగోలుదారు కాదు, న్యూస్‌ప్రింట్ మిల్లుల యజమాని, కుర్రతనం నుంచి వార్‌హోల్ బొమ్మలు కొంటున్న కలెక్టర్, 1970ల మొదట్లోనే కొంతకాలం ఇదే పత్రికలో భాగస్వామి. వార్‌హోల్ పేరు వెలుగుతూ ఉండడం తన గోడ మీది బొమ్మలకూ మంచిదే కదా. అలాంటి యజమానికి పత్రిక ఖాతాలో నష్టం ఒక్కటే నష్టం కాదు, లాభం ఒక్కటే లాభం కాదు. రాసి బిల్లు పంపినవాడికి మాత్రం ఉన్నది ఆ ఒక్క ఖాతానే.

మధ్యలో ఇంగ్రిడ్ సిషీ ఎడిటర్‌గా ఉన్న 18 ఏళ్ళు పత్రిక బాగానే నడిచింది, ఆ కాలం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2008లో ఆవిడ, పబ్లిషర్ శాండ్రా బ్రాంట్ వెళ్ళిపోయారు, శాండ్రా వాటా మాజీ భర్త పీటర్ చేతికొచ్చింది, అదే ఏడాది మార్కెట్లు కుప్పకూలాయి. 2010లో బ్రాంట్ పేపర్ కంపెనీ వైట్ బర్చ్ కూడా కెనడాలో అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెళ్ళింది, ఆ గొడవ చివర్లో క్యూబెక్ మిల్లు రిటైర్డ్ కార్మికుల పెన్షన్లకు కోత పడింది. మిల్లుల కేసు, పత్రిక కేసు రెండూ వేరువేరు, చట్టాలూ వేరువేరు. కానీ ఫ్రీలాన్సర్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడంలో ఆశ్చర్యం లేదు.

ఇక 2018 సెప్టెంబర్. మూతపడి నాలుగు నెలలైనా కాకుండానే ‘ఇంటర్వ్యూ’ మళ్ళీ స్టాండ్ల మీదికి వచ్చింది. కొత్త కంపెనీ పేరు క్రిస్టల్ బాల్ మీడియా, వార్‌హోల్ రోజుల్లో పత్రికకున్న ముద్దుపేరులోంచి తీసుకున్నది. ప్రెసిడెంట్ కెల్లీ బ్రాంట్, పీటర్ కూతురు. ఎడిటర్ నిక్ హరామిస్, మూతపడే ముందు ఉన్నాయనే. అదే పేరు, అదే కుటుంబం, అదే ఎడిటర్. మారినది కంపెనీ రిజిస్ట్రేషన్. చట్టప్రకారం కొత్త కంపెనీ పాత బాకీలు తీర్చక్కర్లేదు, ఆ మాట వరకు ఎవరూ కాదనలేరు. డబ్బు రావాల్సినవాళ్ళ ప్రశ్న వేరు: మళ్ళీ అచ్చేయడానికి డబ్బు దొరికినప్పుడు మాకెందుకు దొరకలేదు? దీనికి సూటి జవాబు నాకైతే ఎక్కడా కనపడలేదు.

చట్టం లేక కాదు. ఫ్రీలాన్సర్ల కోసం న్యూయార్క్ నగరం చేసిన చట్టం 2017 మే 15న అమల్లోకి వచ్చింది. 800 డాలర్లు, ఆపైన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి, తేదీ ఏదీ రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో చెల్లించాలి, ఎగ్గొడితే రెట్టింపు దాకా కట్టాలి. 2024 ఆగస్టు 28 నుంచి రాష్ట్రమంతటికీ ఇలాంటి చట్టమే వచ్చింది. అయితే దివాలా అనేది ఫెడరల్ చట్టం, అంటే అమెరికా మొత్తానికి ఒకటే, అది రంగంలోకి దిగాక నగరం చట్టమైనా రాష్ట్రం చట్టమైనా పక్కకు తప్పుకోవాల్సిందే. బతికున్న కంపెనీ దగ్గర రెట్టింపు అడగొచ్చు. దివాలా తీసిన కంపెనీ దగ్గర అసలు కోసమే ఫారం నింపి వరసలో నిలబడాలి.