ఆ రాత్రి వాన ఏ తేదీ ఖాతాలోకి?

విశాఖలో అక్టోబరు వానలు మొదలైతే చాలు, మేడ మీద సొంత వెదర్ స్టేషన్ పెట్టుకున్నవాళ్ల మధ్య ఒకటే పంచాయితీ. మా స్టేషన్ 90 మిల్లీమీటర్లు చూపిస్తుంటే పేపర్లో 4 సెంటీమీటర్లని వేశారేమిటని. వాతావరణ శాఖ తక్కువ చెప్పిందని కొందరు, ఆన్‌లైన్లో కొన్న పరికరం ఎక్కువ లెక్కేసిందని ఇంకొందరు. తరచూ రెండు లెక్కలూ సరైనవే అయి ఉంటాయి. కైలాసగిరి దగ్గర కుమ్మేస్తుంటే గాజువాకలో చినుకైనా ఉండకపోవచ్చు, అది అందరికీ తెలిసిందే. ఎవరూ పట్టించుకోని తిరకాసు ఇంకోటుంది: ఆ వానను ఏ తేదీ కింద రాసుకున్నారన్నది.

వాతావరణ శాఖకు వాన రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు 8.30కి ముగుస్తుంది. అన్ని దేశాలూ ఒకేసారి రీడింగులు తీసే వేళల్లో గ్రీనిచ్ సమయం ఉదయం 3 గంటలు ఒకటి, అది మనకు 8.30. గడిచిన 24 గంటల వానంతా రీడింగు తీసిన రోజుకే జమ. ఇంటి స్టేషన్ మామూలుగా అర్ధరాత్రి సున్నాకి వచ్చి మళ్లీ మొదలెడుతుంది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం వేళ విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ ఉదయం 8.30 నుంచి అర్ధరాత్రి దాకా పడిన వానంతా ఇంటి లెక్కలో 12వ తేదీది, శాఖ పద్ధతిలో 13వ తేదీది. రోజుకో మొత్తం మాత్రమే దాచుకున్నవాళ్లు ఈ రెండింటినీ తర్వాత ఎంత తల బాదుకున్నా కలపలేరు.

సొంతంగా వాతావరణం కొలిచే అలవాటు ఈ ఊరికి కొత్తేం కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. 1856లో జగ్గారావు పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపారు. ఆకాశ పరిశీలనతో పాటు వాతావరణ లెక్కలూ రాశారు, ఆ ఫలితాలు పుస్తకాలుగా అచ్చయ్యాయి. అచ్చయ్యాయి కాబట్టే ఇవాళ వాటి ఊసు మనదాకా వచ్చింది. ఇప్పటి మేడల మీది లెక్కలు ఎన్ని అన్నాళ్లు మిగులుతాయో చూడాలి.

ఇంటింటి కొలతల్ని ఒక దారిలో పెట్టిన మనిషి మాత్రం ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ సైమన్స్. 1860లో 168 మంది లెక్కలతో మొదలుపెట్టి, 1900లో చనిపోయేనాటికి 3 వేలకు పైగా పరిశీలకుల్ని పోగేశాడు. మన వాతావరణ కేంద్రాల్లో వాడిన సైమన్స్ వర్షమాపకం పేరు ఆయనదే. తమాషా ఏమిటంటే బ్రిటన్‌లో ఉదయం 9కి కొలిచిన వానను ముందు రోజు తేదీకి రాస్తారు, మనం కొలిచిన రోజుకే రాస్తాం.

మేడ మీద పెట్టడం గురించి గొడవ ఇంకా పాతది. 1766లో లండన్‌లో విలియం హెబర్డెన్ ఒక వర్షమాపకాన్ని తోటలో, ఒకటి ఇంటి కప్పు మీద, ఒకటి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే అనే పెద్ద చర్చి కప్పు మీద పెట్టాడు. ఏడాదికి తోటలో 22 అంగుళాలు దాటితే అబ్బే మీద 12 చిల్లరే. పైకి పోయేకొద్దీ వాన తగ్గుతుందా అని దశాబ్దాల పాటు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. 1861లో విలియం స్టాన్లీ జెవన్స్ తేల్చాడు: తగ్గేది వాన కాదు, గాలి చినుకుల్ని గిన్నెలో పడనీయకుండా అవతలికి తోసేస్తోంది. బీచ్ రోడ్డులో అయిదో అంతస్తు పైన స్టేషన్ బిగించినవాళ్లకు ఈ మాట నేరుగా తగులుతుంది. శాఖ వర్షమాపకం అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది.

ఇక దాచడం. పాత పద్ధతిలో 200 చదరపు సెంటీమీటర్ల గరాటు కింద సీసా, 20 మిల్లీలీటర్లకు ఒక మిల్లీమీటరు, రిజిస్టర్లో ఒక అంకె. ఇంటి స్టేషన్లలో ఎక్కువగా ఉండేవి రెండు చిన్న దోసిళ్లు. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు వంపేస్తుంది, రెండోది దాని చోటికి వస్తుంది. చాలా పరికరాల్లో ఒక్కో ఒరుగుడుకి 0.2 మిల్లీమీటర్లు. జడివానలో ఒరిగే క్షణంలో కొంత నీరు లెక్కకు రాదు, అందుకే కుంభవృష్టి రోజున ఇవి తక్కువే చూపిస్తాయి. అసలు రికార్డంటే ఏ ఒరుగుడు ఏ క్షణంలో జరిగిందన్నదే. అంత కుదరకపోతే కనీసం 5 నిమిషాలకో లెక్క యూటీసీ (గ్రీనిచ్) సమయంతో దాచుకున్నా, 8.30 రోజుకైనా అర్ధరాత్రి రోజుకైనా ఎప్పుడు కావాలంటే అప్పుడు కూడుకోవచ్చు.

ఎక్కడ దాచాలన్నదీ చిన్న విషయం కాదు. ఇంటి స్టేషన్లు చేసే డేవిస్ కంపెనీ వాళ్ల పాత లాగర్‌లో, అంటే రీడింగులు దాచే పరికరంలో, పట్టేవి 2,560 రికార్డులు. 5 నిమిషాల లెక్కన తొమ్మిది రోజులకు కాస్త తక్కువ, ఆ తర్వాత పాతవి చెరిగిపోతాయి. నెట్‌లో దాచే క్లౌడ్ మీదే ఆధారపడితే, హుద్‌హుద్ అప్పటిలా కరెంటూ నెట్టూ పోయినప్పుడు అత్యవసరమైన గంటలే ఖాళీగా మిగులుతాయి. పైగా ఇంటి స్టేషన్ల లెక్కలు పోగేసే వెబ్‌సైట్ వెదర్ అండర్‌గ్రౌండ్ 2018 చివర్లో తన ఉచిత ఏపీఐని, అంటే ఆ లెక్కల్ని మన ప్రోగ్రాములు నేరుగా తీసుకునే దారిని, ఆపేసింది. దాని మీదే ప్రోగ్రాములు రాసుకున్నవాళ్లంతా వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పటికే ఇంట్లో చిన్న కంప్యూటర్లో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలుగా కాపీ పెట్టుకున్నవాళ్లకు మాత్రం పాత లెక్కల గురించి టెన్షన్ లేకపోయింది.