గెడ్డ తెచ్చిన బురద

రెండు గాజు గ్లాసుల నీళ్లలో చెంచాడేసి బంకమట్టి కలపండి. ఒకదాంట్లో గుప్పెడు కల్లుప్పు కూడా వేసి కలిపి వదిలేయండి. కాసేపటికి ఉప్పు వేసిన గ్లాసులో మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. రెండోది ఇంకా టీ రంగులోనే ఉంటుంది.

మేఘాద్రి గెడ్డ (గెడ్డ అంటే వాగు) విశాఖ ఇన్నర్ హార్బర్‌లో కలిసేచోట జరిగేదీ ఇదే. బంకమట్టి రేణువుల మీద ఋణావేశం (నెగటివ్ చార్జి) ఉంటుంది కాబట్టి మంచినీళ్లలో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. ఉప్పునీటిలోని సోడియం, మెగ్నీషియం అయాన్లు ఆ నెట్టుడును తగ్గించేస్తాయి. రేణువులు ముద్దకట్టి కిందికి దిగుతాయి. దారిలో ఒంటికి అంటించుకున్న సీసం, జింకు, కాడ్మియం లాంటివి కూడా వాటితోపాటే అడుగుకు చేరతాయి.

'సముద్రంలోకి కొట్టుకుపోతుందిలే' అనుకుంటాం. కానీ ఇన్నర్ హార్బర్ సముద్రం కాదు. చిత్తడి నేల తవ్వి తయారుచేసి 1933లో ఓడలకు తెరిచిన తొట్టి లాంటిది. బయటికి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నటి కాలువే దారి. మన దగ్గర పోటుపాట్లేమో చిన్నవి.

ఇలాంటి చోట లంగరు లాగితే అంటుకొచ్చే బురద నల్లగా, కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. గాలి అందని బురదలో బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. ఆ కంపు దానిదే. తమాషా ఏమిటంటే, లోహాలకు తాళం వేసేదీ అదే. సల్ఫైడుగా మారిన లోహం నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. పూడిక తీసే డ్రెడ్జర్ వచ్చి కెలికితే ఆక్సిజన్ తగిలి కొంత తాళం ఊడుతుంది. ఓడలు రావాలంటే పూడిక తీయకా తప్పదు! లోహాలు బురదలో చేరి ఉంటాయి కాబట్టే, సీసాడు నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపితే తెలిసేది ఆ పూట సంగతే. ఏళ్ల లెక్క బురదలో ఉంటుంది.

విషం బురదలో ఏళ్ల తరబడి ఎలా ఉండిపోతుందో జపాన్‌లోని మినమాటా చూపించింది. అక్కడి విషం పాదరసం. ఫ్యాక్టరీ వ్యర్థాల్లోని మిథైల్ మెర్క్యురీ చేపల్లోకి, అక్కడి నుంచి మనుషుల్లోకి చేరింది. జబ్బు 1956లో బయటపడింది, ఆ వ్యర్థాలు ఆగింది మాత్రం 1968లో. అక్కడితో అయిపోలేదు. పాదరసం బురదలో ఉండిపోయింది. 1977 నుంచి 1990 దాకా ఆ బురద తోడి, అఖాతంలోనే ఒక మూల పూడ్చి పైన మట్టి కప్పారు. అలా 58 హెక్టార్ల కొత్త నేల వచ్చింది. లోపలి చేపలు బయటికి పోకుండా కట్టిన వలను విప్పింది 1997లో.